ఉఖ్తీ నేర్పిన అరబ్బీ

మొన్న మంగళవారం జాకెట్లకు లైనింగు గుడ్డ కొనడానికి సిద్దిపేట పాత బస్టాండు వైపు వెళ్తే, ఒకప్పుడు మా ఇంటర్నెట్ సెంటర్ ఉన్న మడిగెలో కళ్ళద్దాల దుకాణం కనిపించింది. నాకు కళ్ళద్దాలు ఉన్నా లోపలికి వెళ్ళి, రెండు ఫ్రేములు పెట్టి చూసుకొని, కుర్చీలో కాసేపు కూర్చొని వచ్చాను. ఆ మూలనే, ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన గదుల్లో మూడోదానిలో కూర్చొని నేనొక పరాయి భాష నేర్చుకున్నానని, ఆ భాషతోనే మా ఆయనను ఇంటికి తెచ్చుకున్నానని ఆ దుకాణమతనికి చెబితే నమ్మేవాడు కాదు. ఎస్టీడీ బూతుల ముందు వరుసలో నిలబడిన తరం కదా మనది, మీరు నమ్ముతారు.

అప్పటికి మా ఇంట్లో మగ్గం ఆగిపోయి రెండేళ్ళు. మా ఆయన గల్ఫులో ఒక ఖర్జూరపు తోటలో పనికి వెళ్ళాడు. ఇక్కడ నేను, మా అత్తమ్మ, నా కుట్టుమిషను. శుక్రవారం వస్తే ఫోను వచ్చేది. ఎండ గురించి, చాకిరీ గురించి ఆయన ఏనాడూ చెప్పుకోలేదు కానీ ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ అనేవాడు. "గీ భాషొస్తే సగం కష్టం పోతుండె. కఫీల్ ఏమన్నా తల ఊపుడే. తిట్టిండో మెచ్చుకున్నడో కూడ తెలుస్తలేదు." కఫీల్ అంటే అక్కడ పని ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉండేది. తిట్టుకూ మెప్పుకూ తేడా తెలియని చోట మనిషి దినాలు ఎట్లా గడుస్తాయా అని ఆలోచించి ఆలోచించి, చివరికి ఆ భాషేదో నేనే నేర్చుకొని ఫోనులో ఆయనకు పాఠం చెప్పాలని తీర్మానించుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ధైర్యానికి నాకే నవ్వొస్తుంది.

ఇంటర్నెట్ సెంటర్ పెట్టినాయన అంతకు ముందు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన పెద్దాయన; నేను ఆయన దగ్గర టైపు లోయరు పరీక్ష పాసైనదాన్ని. భాషలు నేర్చుకునేవాళ్ళు ఒకరికొకరు దోస్తులయ్యే వెబ్‌సైటు ఒకటి ఆ సారే చూపించాడు. మన భాష ఎదుటివాళ్ళకు నేర్పి, వాళ్ళ భాష మనం నేర్చుకోవాలి. నా దగ్గర ఎవరికి పనికొచ్చే భాష ఉందని నేను జంకుతుంటే, మా గల్లీలో పుట్టినవాళ్ళందరికీ వచ్చే హిందీనే రాయమన్నాడు సారు. నాలుగో రోజుకు జవాబు వచ్చింది. ఈజిప్టు దేశం, అలెగ్జాండ్రియా పట్నం, బడిలో పంతులమ్మ. హిందీ సినిమాల పిచ్చిది. తెర కింద వచ్చే అక్షరాలు చదవకుండానే మాటలు అర్థం కావాలని ఆమె ఆశ.

మనకు పొద్దు వాలే వేళకు ఆమె బడి నుంచి ఇంటికి వచ్చేది. మొదట ఇంగ్లిషు అక్షరాల్లోనే అరబ్బీ రాసుకున్నాం, తర్వాత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని మాటల్లోకి దిగాం. కుర్సీ, కితాబ్, దవా, వఖ్త్ అని ఆమె చెబుతుంటే, సగం అరబ్బీ మా గల్లీలోనే తిరుగుతోంది కదా అని నాకు పట్టరాని సంతోషం. మిగతా సగం మాత్రం చెమటలు పట్టించింది. గొంతులోంచి పలికే 'ఐన్' అనే అక్షరం కోసం కుట్టుమిషను తొక్కుతూ కూడా సాధన చేసేదాన్ని; జాకెట్టు కొలతలకు వచ్చినవాళ్ళు నాకు దగ్గు మందు చెప్పి పోయేవాళ్ళు. ఆమెను నేను ఉఖ్తీ అని పిలిచేదాన్ని, అంటే చెల్లీ అని గానీ అక్కా అని గానీ అనుకోవచ్చు. ఆమె నన్ను అచ్చంగా అక్కా అనే పిలిచేది.

మొగుడు గల్ఫులో ఉంటే ఈమె రోజూ కంప్యూటరు ముందు కూర్చొని నవ్వుతుందట అని గల్లీలో గుసగుసలు మొదలయ్యాయి. అత్తమ్మ నన్నేమీ అనలేదు. ఒకనాడు కొంగు బిగించి నా వెంటే బయలుదేరి వచ్చి, నా పక్కన ఇరుక్కొని కూర్చొని అడిగింది. "గా డబ్బలకెల్లి మాట్లాడేది మొగోడా, ఆడామెనా?" హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాను. అవతల ఉఖ్తీ నేను నేర్పిన రెండు తెలుగు మాటలూ కలిపి, "అత్తమ్మా, మంచిగున్నవా?" అన్నది. అత్తమ్మ ఉలిక్కిపడి, వెంటనే తేరుకొని, "మంచిగున్న బిడ్డా! నువ్వు తిన్నవా?" అని సెంటరంతా వినపడేలా అరిచింది. ఆ రోజు తర్వాత గల్లీలో ఎవరైనా నోరు తెరిస్తే జవాబు ఆమే చెప్పేది.

శుక్రవారం శుక్రవారం ఆయనకు మూడేసి వాక్యాలు ఒప్పజెప్పేదాన్ని. కడుపు నొస్తోంది, సెలవు కావాలి, ఈ పని నిన్ననే చేశాను. ఒకసారి ఆయన గొంతు పొంగిపోయింది. "ఇయ్యాల కఫీల్ మంచి పనోడివన్నడే. నాకు సమజైంది!" అంత చిన్న వాక్యం అర్థమైనందుకు ఇక్కడ మేమిద్దరం, అక్కడ ఉఖ్తీ పండగ చేసుకున్నాం.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు ఫోను రాలేదు. మూడో శుక్రవారం ఆయన గదిలోనే ఉండే మన నంగునూరు ఊరి తమ్ముడొకడు ఫోను చేసి, ఆయన ఖర్జూరపు చెట్టు మీది నుంచి పడ్డాడనీ, నడుముకు దెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడనీ చెప్పాడు. ఇంటికి పంపమని అడిగితే, నెల రోజులు పడుకుంటే బాగవుతాడు, మళ్ళీ పనిలోకి ఎక్కించుకుంటానని కఫీల్ అంటున్నాడట. అత్తమ్మ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. నేను కఫీల్ నంబరు రాసుకొని సెంటరుకు పరుగెత్తాను.

ఉఖ్తీ మూడు రోజులు నాతో, నేను కఫీల్‌కు చేయబోయే ఫోను సంభాషణను నాటకంలా ఆడించింది. తానే కఫీల్ అయి గొంతు మార్చి గద్దించేది. బతిమాలవద్దు, ఏడవవద్దు, ముందు అతని తల్లి ఆరోగ్యం అడుగు, పిల్లల క్షేమం అడుగు, ఆ తర్వాతే పాస్‌పోర్టు మాట ఎత్తు అని చెప్పింది. నాలుగోనాడు టైపు సారు సెంటరులోని ఫోను నా ముందు పెట్టి, తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు.

నేను తల్లినీ పిల్లలనూ అడిగాను. అతను మర్యాదగా జవాబులిచ్చి, కొంచెం సంశయంగా అడిగాడు. "ఈజిప్టులో ఏ ఊరమ్మా మీది?" ఉఖ్తీ దగ్గర నేర్చుకోవడంతో నా పలుకంతా ఈజిప్టు పలుకే. అతను జవాజ్ అనే పాస్‌పోర్టును నేను గవాజ్ అనేదాన్ని.

"సిద్దిపేట" అన్నాను.

"అది ఏ వైపు? అలెగ్జాండ్రియా దగ్గరా?"

"కాదు, ఇండియాలో. మీ తోటలో చెట్టు మీది నుంచి పడిన మనిషి భార్యను నేను."

అతను పెద్దగా నవ్వాడు. కానీ పాస్‌పోర్టు మాట ఎత్తగానే ఆ నవ్వు ఆగిపోయింది. నెలకల్లా లేస్తాడు, లేస్తే పనుంది అన్నాడు. దానికి ఏం చెప్పాలో మేము సాధన చేయలేదు. నా దగ్గరున్న మాటలన్నీ మనసులో కుప్ప పోసుకొని, వెతికి వెతికి ఒక వాక్యం పేర్చాను. వ్యాకరణం తప్పే అయి ఉంటుంది. "అది ఒక్క మనిషి నడుము కాదు, మా ఇంటి నడుము. విరిగినదాన్ని నేను బాగుచేసుకుంటాను, నాకు పంపించండి."

"ఎవరు నేర్పారమ్మా నీకు అరబ్బీ?" అని అతను అడిగాడు. నా ఉఖ్తీ అన్నాను. "డాక్టరు కాగితం ఇవ్వగానే పంపిస్తాను" అన్నాడు. తలుపు తీస్తే టైపు సారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

అతను మాట నిలబెట్టుకున్నాడు. నడుముకు బెల్టు కట్టుకొని, చేతిలో ఖర్జూరాల డబ్బా పట్టుకొని మా ఆయన విమానం దిగాడు. నన్ను చూడగానే, అందరూ వింటుండగా, "ఇజ్జయ్యిక్?" అన్నాడు. ఎట్లున్నవని ఈజిప్టు వాళ్ళు అడిగే మాట. అత్తమ్మ మొక్కు తీర్చుకుంది. ఆయన మెల్లగా కోలుకొని నా పక్కనే ఇంకో మిషను వేసుకున్నాడు. ఆ తర్వాత గల్ఫుకు పోయే మనుషులు, పోయినవాళ్ళ భార్యలు మా ఇంటికి రావడం మొదలైంది. జాకెట్లు కుడుతూనే ఎందరికో నేను అవసరపు వాక్యాలు నేర్పాను. నన్ను అరబ్బీ అక్క అని పిలుస్తుంటే, పదో తరగతితో చదువు ఆగిన నాకు ఆ పేరు ఏ పట్టాకూ తీసిపోలేదు.

ఇప్పుడు గల్ఫుకు పోయేవాళ్ళకు నా అవసరం లేదు. ఫోనులో తెలుగులో అంటే అదే అరబ్బీలో పలుకుతుంది. మంచిదే, ఎవరి భార్యా మూడు రోజులు వణికిపోవలసిన పని లేదు. ఉఖ్తీ బడి ఉద్యోగం మానేసింది, నాకు చత్వారం వచ్చింది, బొమ్మ కనిపించేలా మాట్లాడుకునే ఫోన్లు ఇద్దరికీ ఉన్నాయి. ఆ రోజుల్లో మాట మధ్యలో లైను ఎక్కడ తెగిపోతుందోనని, చెప్పాల్సినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసుకునేవాళ్ళం. ఇప్పుడు తెగని లైను ఉంది, దాంతో ప్రతిరోజూ రేపు మాట్లాడుకుందాంలే అనుకుంటూ ఇద్దరం వాయిదా వేసుకుంటున్నాం.