సున్నాలు లేని పరీక్ష

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. జుట్టు నల్లగానే ఉంది, మోకాళ్లు చెప్పిన మాట వింటున్నాయి. అయినా ఇంటర్ అయిపోయిన ఆ ఎండాకాలాన్ని తలుచుకుంటే అదంతా ఏ పాతకాలంలోనో జరిగినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో మా సూర్యాపేటలో ఎంపీసీ చదివిన పిల్లకు పేరు ఉండేది కాదు, ర్యాంకు ఉండేది. కూరగాయల బండి దగ్గర, పెళ్లి బంతిలో, చివరికి దవాఖానలో డాక్టరు కోసం కూర్చున్నప్పుడు కూడా "ఎంతొచ్చింది బిడ్డా?" అనేవారు. అలా అడిగిన ఒకావిడకు, జ్వరం సంగతేమో అనుకుని "నూట రెండు" అని చెప్పాను. ఆమె నన్ను కావలించుకున్నంత పని చేసింది.

నాకొచ్చిన అసలు ర్యాంకు గొప్పగా చెప్పుకునేదీ కాదు, సిగ్గుపడి దాచుకునేదీ కాదు. హైదరాబాద్‌లో పేరున్న ఇంజనీరింగ్ కాలేజీలు దాన్ని చూసి పలకరించవు; కోదాడలో ఒక కాలేజీ మాత్రం సివిల్‌లో సీటిచ్చి కూర్చోబెడుతుంది. ఎందుకిలా అయిందన్నదానికి మా నాయిన దగ్గర ఒక కథ ఉండేది. నాకు చిన్నప్పటి నుంచీ ముగ్గుల పిచ్చి. ఎంట్రెన్సులో జవాబు పత్రం మీద పెన్నుతో నింపాల్సిన ఆ సున్నాలను చూడగానే చెయ్యి ఊరుకోలేదు. అంచు దాటకుండా, లోపల తెల్లచుక్క మిగలకుండా ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా దిద్దాను. పరీక్ష గదిలో తిరుగుతున్న మేడం నా బెంచీ దగ్గర ఆగి ఆగి, చివరికి ఉండబట్టలేక, "ఏందమ్మా, పరీక్ష రాస్తున్నవా, ముగ్గేస్తున్నవా?" అంది. బెల్లు కొట్టేసరికి కొన్ని ప్రశ్నలు మిగిలిపోయాయి. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది. నాయిన నవ్వలేదు.

నాయినకు సొంత డీసీఎం లారీ ఉండేది. త్రిపురారం వైపు వడ్లు ఎత్తుకుని మిర్యాలగూడ మిల్లుల్లో దించడం ఆయన పని. మిల్లు ముందు బండ్ల వరుసలో పూటలకు పూటలు ఎదురుచూడాలి. ఆ వరుసలోనే నా కథ పెరిగి పెద్దదైంది. "నా బిడ్డకు అన్నీ వచ్చు. సున్నాలు దిద్దుడుకే టైం ఖతమైంది. లేకుంటే హైదరాబాద్‌ల సీటు!" అని కనిపించిన డ్రైవరుకల్లా చెప్పేవాడు. (వదిలేసిన ప్రశ్నల్లో నాకు రానివి ఎన్ని, వచ్చినవి ఎన్ని అని ఆయన ఎప్పుడూ అడగలేదు.) వానలు మొదలవకముందే మిల్లు హమాలీలందరికీ నేను "సున్నాల పిల్ల"ను. వినగా వినగా అదే నిజమని నాకూ అనిపించసాగింది.

కోదాడలో చేరాలా వద్దా అని ఇంట్లో నానుతున్న ఆ రోజుల్లోనే టీవీలో వార్త వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఎంట్రెన్సు తీరు మారుస్తున్నారు. కాగితం ఉండదు, పెన్ను ఉండదు, అంతా కంప్యూటర్ మీదే. నాయిన కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసి నావైపు తిరిగాడు.

"అంటే సున్నాలు ఉండయా?"

"ఉండవు నాయినా. మౌసుతో నొక్కుడే."

సర్కారు తన మొర విని, మా ఇంటి కోసమే పరీక్షను మార్చినట్టు వెలిగిపోయింది ఆయన ముఖం. "ఇగ మళ్ల రాయి బిడ్డా! ఒక్క ఏడాదే గదా, ఏమైతది?" అన్నాడు. అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి, "దోస్తులందరు కాలేజీకి పోతుంటే ఇది ఇంట్ల కూసొని చదివిన పుస్తకాలే మళ్ల చదువాల్నా?" అంది. "సున్నాలు లేవంటున్న గదనే!" అన్నాడు నాయిన, అంతకుమించి వాదమే అక్కర్లేదన్నట్టు. నాకు రెండు భయాలుండేవి. చేరిపోతే, రాసి ఉంటే ఏమయ్యేదో అన్న మాట జన్మంతా వెంటపడుతుంది. రాస్తే, మళ్లీ అదే ర్యాంకు రావచ్చు. అప్పుడు చెప్పుకోవడానికి సున్నాలు కూడా ఉండవు. ఆ రెండో భయమే నాకు ఎక్కువ. అది ఎవరికీ చెప్పలేదు.

ఇలాంటివాటిలో మా మేనత్త కొడుకు అనుభవజ్ఞుడని నాయిన నన్ను డీసీఎంలో ఎక్కించుకుని మిర్యాలగూడలో వాళ్లింటికి తీసుకెళ్లాడు. అతన్ని మేమంతా లాంగ్‌టర్మ్ బావ అనేవాళ్లం. డాక్టరు సీటు కోసం ఏటా కోచింగులో చేరి, ఏటా రాస్తూ, రాయడంలోనే స్థిరపడిపోయినవాడు. మేం వెళ్లేసరికి కూలర్ ముందు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని చదువుతున్నాడు. నాయిన సంగతంతా చెప్పి, "నువ్వేమంటవ్ అల్లుడా?" అన్నాడు.

బావ పుస్తకం మూసి నన్ను జాలిగా చూశాడు. "పరీక్ష మార్చినప్పుడల్లా నేను గూడ గిట్లనే మురిసిన. ఈసారి నాకోసమే మార్చిండ్రనుకున్న. సున్నాలు నీకొక్కదానికే పోతున్నయానే? అందరికీ పోతయ్."

ఇంత చిన్న లెక్క మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు! నాయిన గొంతు సవరించుకుని కూలర్ వైపు చూశాడు. బావ మళ్లీ, "కని ఒక్కటి చెప్త. నీకు రాయాల్నని ఉంటే రాయి. మామకు ఉంటే మామనే రాయమను" అన్నాడు. వంటింట్లోంచి అత్త పకపకా నవ్వింది. తిరుగు ప్రయాణంలో నాయిన, "వానికి సీటు రాక మాటలొచ్చినయ్" అని గొణిగాడు గానీ, అప్పటి నుంచి కొంచెం మెత్తబడ్డాడు. అనుకుని లాభం లేదు, ఒకసారి కంప్యూటర్ మీద రాసి చూద్దామని తేల్చాడు.

అందుకు కోదాడ వెళ్లాం. అక్కడ బస్టాండు దగ్గర మా మేనమామకు దరఖాస్తులు నింపిపెట్టే ఆన్‌లైన్ సెంటర్ ఉంది. (కోదాడలో స్థిరపడ్డాక మామ మాట కొద్దిగా సరిహద్దు అవతలి ఆంధ్రావైపుకు ఒరిగింది. అందుకని నాయిన ఆయన్ను ఆటపట్టించేవాడు.) "నెట్‌లో మోడల్ పరీక్ష ఉంది బావా. అచ్చం అట్టాగే ఉంటుంది, మూలన టైం కూడా తిరుగుతా ఉంటుంది. పిల్లని కూర్చోబెట్టండి" అని మామ గోడవైపు కంప్యూటర్ ఖాళీ చేసి ఇచ్చాడు. నేను కూర్చున్నాను. నాయిన నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

పరీక్ష మొదలైంది. దాంతోపాటు షాపులో గిరాకీ కూడా మొదలైంది. పింఛను కాగితం పట్టుకుని ఒక ముసలమ్మ నేరుగా నా దగ్గరికొచ్చి, "నాది జర సూడు బిడ్డా" అంది. నాయిన చెయ్యి అడ్డం పెట్టి, "పరీక్ష నడుస్తున్నదమ్మా, సప్పుడు సెయ్యొద్దు" అన్నాడు. దాంతో షాపంతా గుసగుసల్లోకి దిగింది. ఫొటోల కోసం వచ్చినవాళ్లు కూడా ఫొటో మరిచి నా వెనక చేరారు. వాళ్లలో ఒక పెద్దాయన తెర మీదికి వంగి చూసి, "గా నాలుగుట్ల కరెక్టుది వాళ్లే ఇచ్చిండ్రా? మరి కష్టమేంది?" అని అడిగాడు. నాయిన మాత్రం నేను ఏ లెక్క దగ్గర ఆగినా, "ఆగకు బిడ్డా, నొక్కు, నొక్కు" అంటూనే ఉన్నాడు.

అన్ని ప్రశ్నలూ చేశాను. ఇంకా టైం మిగిలింది కూడా. ముగించు అన్నచోట నొక్కితే మార్కులు కనిపించాయి. ఒకటీ అరా అటూ ఇటుగా, ఎంట్రెన్సులో వచ్చినవే. ఈసారి ఒక్క ప్రశ్నా మిగల్చకుండా చేసినా సరే, అవే.

మామకు హఠాత్తుగా ప్రింటర్‌లో కాగితాలు సర్దాల్సిన పని గుర్తొచ్చింది. నాయిన వంగి మౌసు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి అడుగు చూశాడు. చొక్కా కొసతో తుడిచి, ఉఫ్ అని ఊదాడు.

"ఈ మౌసు మంచిగ లేనట్టుంది బామ్మర్దీ."

"అవును బావా, పాతది. ఒక్కోసారి పట్టదు" అన్నాడు మామ, వెనక్కి తిరక్కుండానే.

ఇంకో ఏడాది రాస్తే ఆయనకు ఇంకేదో సాకు దొరుకుతుంది. కరెంటో, కుర్చీయో, పక్కన కూర్చున్నవాళ్ల దగ్గో. నేను ఎన్నిసార్లు తప్పినా, ఆయన ప్రతిసారీ నా తరఫున ఏదో ఒకదాన్ని పట్టుకుని తుడిచి ఊదుతాడు. నాకు నవ్వొచ్చింది.

"మౌసు మంచిగనే ఉంది నాయినా" అన్నాను.

ఆయన దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. బయటికొచ్చి చెరకు రసం బండి దగ్గర నిలబడ్డాం. ఆయన సగం గ్లాసు తాగాడు. తర్వాత, "మిల్లు కాడ అందరికి చెప్పిన బిడ్డా. అబద్ధమైతే చెప్పలే గదా?" అన్నాడు.

"లేదు నాయినా. నువ్వు చెప్పింది జరిగిందే."

"మరి నీకేం చెయ్యబుద్ధయితుంది?"

ఆ ఎండాకాలమంతా నన్ను ఎంతొచ్చిందని అడిగారు, ఎందుకు రాలేదని అడిగారు. ఈ ప్రశ్న అడిగింది ఆయనొక్కడే, అదీ అప్పుడే. గొప్ప జవాబేదైనా చెప్పి ఉంటే బాగుండేది. కానీ అప్పుడే కాలేజీ బస్సు ఆగి అమ్మాయిలు దిగారు. ఒక్కొక్కరి భుజానికీ పొడుగు సంచీలో డ్రాయింగు గీసే డ్రాఫ్టరు వేలాడుతోంది. అది తగిలి ముందు నడిచే పిల్ల తిట్టింది, అందరూ నవ్వుకున్నారు. నాకు అలా నడవాలనిపించింది, అంతే. "ఈడనే చేరుత" అన్నాను. నాయిన బస్సును, ఆ పిల్లలను చాలాసేపు చూసి, "దగ్గరే. బండి ఇటొచ్చినప్పుడు సూసిపోవచ్చు" అన్నాడు. అన్నట్టే అటువైపు కిరాయి లేని రోజుల్లో కూడా ఆయన బండి కోదాడకు వచ్చేది.

మరుసటి ఏడాది కొత్త పద్ధతిలో పరీక్ష జరిగింది. కొన్నాళ్లకు ఆ ప్రశ్నలు నెట్‌లో దొరికాయి. హాస్టల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ సినిమాకు పోతే, సీనియర్ అక్క లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని ఒక్కదాన్నే కూర్చుని మొత్తం చేశాను. బాగా వచ్చింది. హైదరాబాద్ కాలేజీలు కుర్చీ వేసి కూర్చోబెట్టేంత బాగా. ఏడాదిపాటు ఇంజనీరింగ్ లెక్కలు చేశాక పాత లెక్కలు తేలికవడం పెద్ద విశేషం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నాయినకు అసలే చెప్పలేదు, చెబితే మిర్యాలగూడ దాకా మోసుకెళ్లేవాడు.

లాప్‌టాప్ మూసి, బకెట్ తీసుకుని నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి దుప్పటి నానబెట్టాను. ఉతికిందే ఉతుకుతూ ఆ సాయంత్రమంతా అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఇంజనీరుగా కాల్వ పనుల మీద తిరుగుతూ, ఎప్పుడైనా కోదాడ మీదుగా పోతున్నప్పుడు ట్యాంకు దగ్గర దుప్పటి ఉతుకుతున్న నాటి ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. దగ్గరుంటే, కోదాడలో చేరి మంచి చేశావనీ అనేదాన్ని కాదు, చెడు చేశావనీ అనేదాన్ని కాదు. ఆ తడి దుప్పటి రెండో కొస పట్టుకుని, పిండడానికి సాయం చేసేదాన్ని.