రంగు చూసి రాసిన కారం

1949. సూర్యాపేటలో ఒక ఎండుమిర్చి కొట్టులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాగా చేరాను. దూరపు ఊళ్ల వ్యాపారులకు ముందుగా శాంపిల్, అంటే గుప్పెడు కాయలున్న చిన్న సంచి, దాంతోపాటు సరుకు గుణం చెప్పే నా ఉత్తరం వెళ్లేవి. నేను బాగుందని రాస్తేనే మా షావుకారు రైతు బస్తాలు దింపించుకునేవాడు.

ఆ ఉత్తరాల్లో నాకు బాగా ఇష్టమైన మాట పంజెంట్. నాలుకను చురుక్కుమనిపించి ముక్కుదాకా ఎక్కే ఘాటు అని అర్థం. మిరపకాయకే కాదు, ఆవపిండికీ, అల్లానికీ, పచ్చి ఉల్లిగడ్డకూ చెల్లుతుంది. చింతపండుకు మాత్రం వాడకూడదు, పులుపు వేరు. ఇంత తెలిసిన నేను ఏనాడూ ఒక్క కాయ కొరికి చూడలేదు. మాది కోదాడ, మా ఇంట్లో కారం తక్కువ తినేవాళ్లం. ముదురు ఎరుపుంటే పంజెంట్, రంగు తగ్గితే మైల్డ్, అంటే చప్పన, అని రాసేసేవాణ్ణి. దస్తూరీ ముత్యాల్లా ఉందని షావుకారు మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ణి కూడా.

ఒకరోజు పాలకీడు నుంచి సైదులు, ఆయన భార్య లచ్చమ్మ బండి కట్టుకుని వచ్చారు. వాళ్ల కాయలు పొట్టివి, ముడతలు పడి, రంగు వెలిసినట్టున్నాయి. చూస్తూనే మైల్డ్ అని రాసి, షావుకారుకు చెప్పాను.

“చప్పటి కాయ మనకొద్దు. వాపసు తీస్కపో” అన్నాడాయన.

సైదులు మారు మాట్లాడకుండా బస్తా మూతి కట్టబోయాడు. లచ్చమ్మ ఊరుకోలేదు.

“అయ్యా, నోట్లేస్కోకుండనే చప్పగున్నదని ఎట్ల రాసిన్రు?”

“రంగు చూస్తే తెలుస్తుందమ్మా.”

“రంగుల ఏమున్నది? జర గిది నోట్లేస్కోని సూడుండ్రి.”

ఒక కాయ చీల్చి, గింజలంటుకున్న తెల్లటి పొర తీసి నా అరచేతిలో పెట్టింది. అందరూ చూస్తున్నారు. నాలుక మీద వేసుకున్నాను. చప్పగానే ఉందని చెబుదామని నోరు తెరిచాను, అంతే. చెవుల్లోంచి ఆవిర్లు, కళ్లనిండా నీళ్లు, ఆగని దగ్గు. హమాలీలు పడీపడీ నవ్వారు.

లచ్చమ్మ నవ్వలేదు. కొంగు ముడి విప్పి బెల్లం ముక్క ఇచ్చింది.

“చప్పరించుండ్రయ్యా. గొడవలల్ల ఊరిడిసి పోయి, తిరిగొచ్చినంక ఏసిన మొదటి పంట ఇది. ఇది గూడ వాపసైతే మేం ఇగ ఊర్ల నిలవలేం.”

నాకు సిగ్గేసింది. ఉత్తరం చింపి, ఆ కన్నీళ్లతోనే మళ్లీ రాశాను. ఈసారి మైల్డ్ బదులు పంజెంట్ అని పెట్టాను. షావుకారు కూడా ఒక ముక్క కొరికి, దగ్గుతూనే బస్తాలు దింపమన్నాడు.

ఆ తర్వాత కాయ కొరకకుండా ఒక్క ఉత్తరమూ రాయలేదు. నా బల్ల మీద సిరాబుడ్డి పక్కన బెల్లం ముక్క ఎప్పుడూ ఉండేది. మాటకు అర్థం తెలిస్తే సరిపోదని, రుచి చూశాకే దాన్ని రాయాలని ఆ రోజు తెలిసింది.

నోటి మంట సాయంత్రానికి తగ్గింది. కానీ అంతకుముందు నేను మైల్డ్ అని రాస్తే, సైదులులాగే మారు మాట్లాడకుండా బస్తా మూతి కట్టుకుని వెళ్లిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లెవరి వెంటా లచ్చమ్మ రాలేదు.