బంద్ నాడు వెనక తలుపు

ఈ పొద్దున శామీర్‌పేటలో, పండుగ బంద్ అని తెలిసీ, సగం దించిన షట్టర్ కింద నుంచి ఒకాయన మందు సీసాల సంచితో వంగి బయటికి వచ్చాడు. మేడ్చల్ వైపు పెరిగిన మన ఈడు వాళ్లకు గుర్తుందా, నిమజ్జనం నాడు ఊరి పెద్దమనిషి కొట్లన్నీ మూయించేవాడు?

అలాంటి ఒక రోజే మా ఇంట్లో పాలడబ్బా అయిపోయింది. అమ్మకు పాలు పడలేదు. పసిగుడ్డు చెల్లికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, పసిపిల్లకు పాలడబ్బా కావాలని అరుస్తూ కిరాణా కొట్టు తలుపు బాదింది.

"ఇయ్యాల బంద్ అవ్వా, పెద్దసారు తిడ్తడు," అన్నాడు సేటు లోపలి నుంచే.

వెనక తలుపు దగ్గరికి వెళ్లాం. ఆ పెద్దసారే, నొసట కుంకుమతో, కండువా కింద సేటు చాటుగా అమ్మే మందు సీసాలు పెట్టుకుని బయటికి వస్తున్నాడు. మమ్మల్ని చూసి కొంచెం కూడా సిగ్గుపడలేదు.

"పాపం, పసిపిల్లనాయె. ఇయ్యి సేటూ, నేను జెప్తున్న గద," అన్నాడు, దానం చేస్తున్నట్టు.

సేటు డబ్బా తెచ్చి, "సారుకు దండం పెట్టు బిడ్డా," అన్నాడు. నేను చేతులు జోడించాను.

అవ్వ వాటిని పట్టి కిందికి లాగింది. "దేవుని పేరు జెప్పి పసిదాన్ని ఎండబెట్టిండు. గీనికేంది దండం?" అని ఆయన ముందే నేల మీద ఉమ్మింది.