కాజు జుట్టు కింద ఉన్నది

నేను మోత్తన్న ఈ బరువుకి మా మనవరాలి కంటే కొన్ని నెలలు ఎక్కువ వయసు. ఆ పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి. ఇన్నేళ్ళూ తిన్నాను, పడుకున్నాను, నలుగురిలో నవ్వాను, పండక్కి గారెలు వండాను. ఎవరికీ ఏటీ కనబడలేదు. నాకు మాత్రం వీధిలో ఏ కుక్క మూలిగినా చేతిలో పని ఆగిపోతాది.

మీరెవరో నాకు తెలీదు. తెలిసుంటే రాసేదాన్ని కాదు. వచ్చే ఆదివారం మా వాడు ఇంటికి కుక్కపిల్లని తెత్తానన్నాడు. మళ్ళీ అదే రకం, పూడుల్ కలిసిన ఉంగరాల జుట్టుది. అది గుమ్మం దాటకముందే నేను నోరు విప్పాలి. విప్పగలనా? అందుకే ముందు మీ దగ్గర చెప్పి చూసుకుంటన్నాను.

మాది జంషెడ్‌పూర్‌లో బిర్సానగర్. మా మావగారు శ్రీకాకుళం నుంచి కంపెనీ పనికి వచ్చీసి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేను, మా అబ్బాయి, కోడలు లావణ్య. లావణ్యా మనోళ్ళ పిల్లే గానీ ఈ ఊళ్ళోనే భాలుబాసాలో పుట్టి పెరిగింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తాది. నాకు నోరెక్కువ, ఆ పిల్లకి ఓపికెక్కువ. అలగ నడిచిపోయేది.

లావణ్యకి రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి తరవాత మంచం దిగడం మానేసింది. అప్పుడు మా వాడు కలకత్తా నుంచి కాజుని తెచ్చాడు. తండ్రి పూడుల్, తల్లి ఇంకోటేదో పొడుగు చెవుల జాతి. జీడిపప్పు రంగు, అందుకే ఆ పేరు. అమ్మినవాడు జుట్టు రాలదు, వాసన రాదు, ఏ ఇబ్బందీ ఉండదని చెప్పాడట. రాలని జుట్టు ఎక్కడికి పోతాదని మేమెవ్వరం అడగలేదు. ఎక్కడికీ పోదండి. ఊడిన వెంట్రుక పక్క వెంట్రుకకి చుట్టుకుని, చర్మం దగ్గర ముడిపడి, ఆ ముడి ఇంకో ముడిని లాక్కుంటాది. పాయ పాయ విడదీసి దువ్వెన చర్మందాకా దించాలి, రోజూ. కొన్ని వారాలకోసారి కత్తెర పడాలి. నీళ్ళు పోత్తే అడుగుదాకా ఆరబెట్టాలి. అలాంటి కుక్కని తెచ్చుకోవాలని మీకుంటే ముందు ఇది తెలుసుకోండి. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. కాదు, అబద్ధం. నాకు ఆలస్యం కాకముందే తెలిసింది.

కాజు వచ్చాక లావణ్య మంచం దిగింది. ఆ పిల్ల స్నానానికెళ్ళినా తలుపు బయట కూర్చుని కాజు ఏడ్చేది. ఒంటరిగా ఉండలేని జీవి. నాకైతే ఇంట్లో పసిబిడ్డ తిరుగుతున్నట్టే ఉండేది. అక్కడే నా బుర్ర పెడదారి పట్టింది.

మన ఇళ్ళల్లో పుట్టెంట్రుకలు దేవుడికిచ్చేదాకా పిల్లల తలకి కత్తెర పెట్టం కదా. ఒకరోజు దీపం వెలిగించి సింహాచలం అప్పన్నకి మొక్కీసాను. ఈసారి కోడలి కడుపు నిలబెట్టు స్వామీ, కాజునే మా ఇంటి మొదటి బిడ్డనుకుంటాను, దాని జుట్టుకి కత్తెర తగలనివ్వను, పుట్టే బిడ్డ పుట్టెంట్రుకలతో కలిపి దీనివీ నీ కొండకే తెత్తాను. కుక్కకి పుట్టెంట్రుకలేటి అని మీరు నవ్వుతారు. నవ్వండి. రెండు కడుపులు పోయిన ఇంట్లో మీరుంటే ఏటి మొక్కేవారో.

ఎవరికీ చెప్పలేదు. తన కడుపు మీద ఇంక మొక్కులు పెట్టొద్దని లావణ్య అంతకుముందే నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పి మొక్కాను, మొక్కు దాచడానికి అబద్ధాలాడాను. భాలుబాసాలో కుక్కలకి జుట్టు కత్తిరించే కొట్టొకటుంది. తీసుకెళ్ళమని మా వాడు చెప్పినప్పుడల్లా కాజుని ఆ వైపు తిప్పి, మెడకి రిబ్బన్ కట్టి, పౌడర్ చల్లి ఇంటికి తెచ్చేదాన్ని. చలికాలం కదా, పొట్టిగా వద్దన్నాడురా అనేదాన్ని. ఎండలొచ్చాక ఇంకో సాకు. పైపైన బ్రష్ కొడితే దూదిలా ఉబ్బి ఎంతో ముద్దుగా కనిపించేది. ఇంతలో లావణ్యకి నెల తప్పింది. మూడో నెలా దాటింది. మొక్కు పనిచేత్తందని నమ్మీసాను. అక్కణ్ణుంచి నాకు కత్తెర చూత్తేనే భయం. వంటింట్లో ఉన్నది కూడా తీసి బియ్యం డబ్బా వెనక పడేశాను.

వానలు పట్టాయి. ఒకరోజు కాజు చెవి వెనక చెయ్యి పెట్టాను. చేతికి తగిలింది జుట్టులా లేదు, నానిన కొబ్బరి పీచులా గట్టిగా ఉంది. దాని అడుగున తడి. వేళ్ళు వాసన చూసుకున్నాను. కాజు నన్ను కరవలేదు. నా మొహంలోకి చూసి మూలిగింది.

అప్పుడైనా కత్తెర తియ్యొచ్చు కదా? డాక్టర్ దగ్గరికైనా తీసుకెళ్ళొచ్చు కదా? కత్తిరిత్తే కడుపులో బిడ్డ పోతాదేమోనని భయపడ్డాను. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం, ఇన్నాళ్ళూ కొట్టుకి తీసుకెళ్ళానని ఆడిన అబద్ధం బయటపడతాదన్న భయం. ఏ భయం ఎక్కువో అప్పుడూ తేల్చుకోలేదు, ఇప్పుడూ తేల్చుకోలేకపోతన్నాను. పసుపూ కొబ్బరినూనే రాసి, పైన జుట్టు దువ్వి కప్పీసాను. కాజుని ఎవరైనా ముట్టుకోబోతే ఏదో వంక పెట్టి పక్కకి పిలిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం పిలవలేకపోయాను. మా వాడు డ్యూటీలో ఉన్నాడు, నేను పప్పు తాలింపు పెడతన్నాను. లావణ్యకి అప్పుడు ఆరో నెల. సోఫాలో కూర్చుని, కాజుని దగ్గరకి లాక్కుని మెడ చుట్టూ చేతులేసింది. సరిగ్గా ఆ చెవి వెనకే. అరుపు విని పరిగెత్తాను. లావణ్య చూపుడువేలు చీలిపోయి ఉంది. కాజు సోఫా కింద దూరి వణుకుతంది. నేను లావణ్య చేతికి గుడ్డ చుట్టాను.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, ఇంజెక్షన్లు మొదలెట్టారు. కడుపులో బిడ్డకి ఏటీ కాలేదన్నారు. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని ఆ పిల్ల నన్నడిగింది.

"అత్తయ్యా, మైనే ఉస్‌కో క్యా కియా థా?"

నేనేటి చేశానని కరిచిందీ అని. నిజం నా నాలిక మీదే ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"నువ్వేటీ చెయ్యలేదమ్మా. నువ్వు కడుపుతో ఉన్నావని దానికి తెలిసిపోయింది. ఓర్వలేకపోతంది," అన్నాను.

"బచ్చే కో భీ కాటేగా?"

"ఏమో. బిడ్డనైనా కరుత్తాది."

ఆ మాట ఎందుకన్నాను? మొక్కులో భాగమైన జీవి కదా, దాన్ని ఇంట్లోంచి పంపీమని ఎలగ అనగలిగాను? కాజు వెళ్ళిపోతే దాని జుట్టు కింద ఉన్నది ఇంక ఎవరూ చూడరు. అంతే. వేరే కారణం వెతికాను గానీ దొరకలేదు.

మర్నాడే మా వాడు కాజుని ఊరి చివర పర్సుడీహ్‌లో గోదాం ఉన్న ఒకాయనకి ఇచ్చేశాడు. ఆటో ఎక్కించేటప్పుడు కాజు నా చీర కొంగు పళ్ళతో పట్టుకుంది. నేనే విడిపించాను. అప్పుడు చెవి వెనక జుట్టు ముద్ద ఒకటి ఊడి నా చేతిలోకి వచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టి దేవుడి పటాల వెనక దాచాను.

కొన్ని వారాలకి గోదాం ఆయన ఫోన్ చేశాడు. మా వాడు ఫోన్ మర్చిపోయి వెళ్తే నేనెత్తాను. కాజు పోయిందట. జుట్టు గీయిత్తే ఒకే చాపలా ఊడొచ్చిందట, కింద పురుగులట. "ఇంత పుండు పడినా మీకు తెలీలేదా అమ్మా?" అని హిందీలో అడిగాడు. తెలీలేదన్నాను. సాయంత్రం ఇంట్లో వాళ్ళకి, కాజు అక్కడ హాయిగా ఉందట అని చెప్పాను.

మనవరాలు పుట్టింది. సింహాచలంలో దాని పుట్టెంట్రుకలు తీసేటప్పుడు ఆ గుడ్డ విప్పి, కాజు జుట్టు ముద్దని పిల్ల జుట్టులో కలిపీసాను. ఎవరూ చూడలేదు. అప్పన్న చూడలేదా? ఆ మొక్కు తీరినట్టా, దొంగ మొక్కు అయినట్టా? పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే చాలు, థర్మామీటర్ కంటే ముందు నాకా గుడ్డే గుర్తొత్తాది.

లావణ్య వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. దారిలో కుక్క కనబడితే రోడ్డు దాటీసి అవతలి పక్క నడుత్తాది. పిల్లేమో కుక్క కావాలని ఒకటే గోల. మా వాడు సరేనన్నాడు. నిన్న లావణ్య వాడితో అన్న మాట వంటింట్లో నాకు వినబడింది. కాజు అంత ప్రేమగా ఉండి కూడా నన్నే కరిచిందంటే, నాలోనే ఏదో చెడు ఉంది, దానికి కనబడింది అంది. హిందీలోనే అంది. ఏడవకుండా అంది. ఇన్నేళ్ళూ ఆ పిల్ల అలగ అనుకుంటందని నాకు తెలీదు. నా భయం నాది, నేనే మోసుకుంటన్నాను అనుకున్నాను. దాంట్లో సగం ఆ పిల్ల చేత మోయిత్తన్నానని తెలీదు.

ఈ ఉదయం లావణ్య మనవరాలికి జడ వేత్తంది. చిక్కు దగ్గర దువ్వెన లాగేసరికి పిల్ల అరిచి తల్లి చేతిని గట్టిగా తోసీసింది. లావణ్య నొచ్చుకోలేదు. దువ్వెన పక్కన పెట్టి వేళ్ళతో మెల్లగా విడదీసింది. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి వచ్చీసాను.

ఆ పిల్ల క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించకపోవచ్చు. మా వాడు నాతో మాట్లాడడం మానీవచ్చు. మనవరాలు ఏటంటాదో నేను తలుచుకోలేను. అయినా ఆదివారం లోపు అనాల్సిన మాట ఇది.

లావణ్యా, నీలో ఏ చెడూ లేదమ్మా. నువ్వు చెయ్యి వేసిన చోట పుండుంది. అది ఉందని నాకు తెలుసు.

ఇందాక పొయ్యి ముందు నిలబడి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పైకి ఒకసారి అన్నాను. మాట చివరిదాకా బయటికి వచ్చింది.