మల్లయ్య బావ గెలిచిన సైకిల్ పందెం

ఈ రోజు మా మల్లయ్య బావ సైకిల్ పందెం గెలిచాడు. నవ్వకండి, నిజమే.

సెలవు రోజుల్లో బొగ్గుగని పక్కన పోసిన మట్టి దిబ్బల మీద, డ్యూటీకి పోయే సైకిళ్లతోనే మేం పందెం పెట్టుకుంటాం. గెలిచినవాడికి దక్కేది ఒక చాయ్, వారమంతా పొగడ్తలు. బావ ఎప్పుడూ ఆఖరే. గనిలో బ్లాస్టింగ్ చప్పుళ్లకు ఆయన చెవులు దెబ్బతిన్నాయి. "ఒక్కసారన్న గెలవాలెరా" అని పొద్దున కూడా అన్నాడు.

ఈ రోజూ ఆయనే వెనక. చివరి దిబ్బ దిగుతుండగా షిఫ్టు సైరన్ మోగింది. ముందున్న మేమంతా సెలవన్న సంగతే మరిచి, అలవాటుకొద్దీ సైకిళ్లు గని దారికి తిప్పేశాం. సైరన్ వినబడని బావ తిన్నగా తొక్కుకుంటూ పోయి గీత దాటాడు. మేం నాలుక కరుచుకుని తిరిగొచ్చేసరికి, సైకిల్ నెత్తిన పెట్టుకుని గంతులేస్తున్నాడు. అసలు సంగతి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

సాయంత్రం అక్క నన్ను నిలదీసింది.

"తమ్మీ, మీ బావ నిజంగనే గెలిచిండారా? నీయన్నీ మస్కిరీలే, నేను నమ్మ. నా మీద ఒట్టెయ్యి."

"నీ మీదొట్టు అక్కా. ముందుగాల గీత దాటింది బావనే."

అక్క మొహం వెలిగిపోయింది. వెంటనే కోడిని పట్టడానికి పెరట్లోకి పరుగెత్తింది.

నేను చెప్పింది అబద్ధమైతే కాదు కదా? బావకు చదువు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నన్నెరిగినవాళ్లు చెప్పండి, మిగతా సగం నా కడుపులో ఎన్నాళ్లు ఆగుతుందంటారు?