గోడ మీద ఆవనూనె చెయ్యి

మొన్న లంజిపల్లిలో మా అక్క ఇంటికి రంగులేస్తున్నారంటే చూడ్డానికి వెళ్ళాను. మా వైపు అక్కని అప్ప అంటాం. పత్రికాఫీసు నుంచి రిటైరైన మనిషికి ఎవరింట్లో రంగులేసినా వార్తే. గోడలన్నీ లేత పసుపులోకి మారిపోయాయి గానీ, పెరటి గుమ్మం పక్కన చిన్నపిల్ల అరచెయ్యంత మరక ఒకటి, అయిదు వేళ్ళతో సహా, కొత్త రంగులోంచి పైకి తేలుతోంది. "నూనె మరకమ్మా, గీకి లప్పం పెట్టకపోతే పోదు," అన్నాడు మేస్త్రీ. మా అప్ప కుర్చీలోంచి లేవకుండానే, "దాని జోలికెల్లావంటే నీ సెయ్యి గీకుతాను. ఒగ్గీ," అంది. మేస్త్రీ నావైపు చూశాడు. నేను మరకవైపు చూశాను. వేడి ఆవనూనెలో వెల్లుల్లి చిటపటలాడిన వాసన అప్పుడే వచ్చినట్టయింది.

ఆ చెయ్యి మా అప్ప మనవరాలిది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. బతకడమే గొప్పనుకున్నారు కాబట్టి, మా అప్ప దాన్ని నేల మీద పెట్టకుండా పెంచింది. బడికి వెళ్ళే వయసొచ్చినా మెట్లు దిగాలంటే ఎవరిదో కొంగు పట్టుకోవాలి. తోటిపిల్లలు పరుగులు తీస్తుంటే గోడకి ఆనుకుని నిలబడేది. అన్నం ముద్ద దవడన పెట్టుకుని టీవీ ముందు వీపు వంచుకుని కూర్చుంటే, ఎవరో మరిచిపోయిన చేతిసంచీలా ఉండేది. ఇది చూడలేక మా అప్ప కోడలు ఒకరోజు ఎవర్నీ అడక్కుండా పిల్లని తీసుకెళ్ళి జిమ్నాస్టిక్స్‌లో చేర్పించేసింది. ఇంట్లో ఎంత గొడవయిందో వీధి చివరి కిళ్ళీ కొట్టువాడిక్కూడా తెలుసు. "పీసులాటి గుంట! ఇరిగితే ఎవుడే అతికిస్తాడు?" అని మా అప్ప రెండ్రోజులు కోడలితో మాటలు మానేసింది.

పిల్లలకు జిమ్నాస్టిక్స్ ఎంత మేలో చెప్పే వ్యాసాలు నా బల్ల మీదుగా చాలానే వెళ్ళాయి. ఎముక గట్టిపడుతుంది, ఒంటికి నిలదొక్కుకోవడం వస్తుంది, మనసు నిలకడగా ఉంటుంది. ఆదివారం పేజీలో ఖాళీ మిగిలితే అలాంటివే నింపేవాళ్ళం. అచ్చుతప్పులు దిద్దడమే తప్ప అందులో నిజమెంతో నేనెప్పుడూ ఆలోచించలేదు. అది తెలియడానికి ఈ పిల్ల కావలసి వచ్చింది.

కోచ్ ఒడియా మనిషి, నెమ్మదస్తుడు. మొదట్లో చాలా రోజులు పిల్లలకి పడ్డమే నేర్పాడు. ఒక సాయంత్రం చూసొద్దామని వెళ్ళిన మా అప్ప మండిపడుతూ తిరిగొచ్చింది. "ఏటీ సోద్యం! పడకుండా ఉండ్డం నేర్పుతాడనుకుంటే, పడ్డం నేర్పుతున్నాడేటి!" నాకు నవ్వొచ్చింది. మేం పుట్టింది సోనేపూర్ సముద్రం ఒడ్డున. అల మీద పడితే ఏం చెయ్యాలో మా నాన్న మాకు ఇసకలోనే నేర్పాడు. గడ్డం గుండెకి ఆనించుకోవాలి, రొయ్యలా ముడుచుకోవాలి, దొర్లాలి, లేవాలి. ఆ విద్యలో మా అప్పని మించిన పిల్ల ఆ ఒడ్డున లేదు. పెళ్ళయి లంజిపల్లి వచ్చాక మాత్రం, చేపలవాళ్ళమని ఇరుగూపొరుగూ ఏమనుకుంటారోనని సముద్రం ఊసే ఎత్తేది కాదు. "మన నాన్న నేర్పిందీ అదే కదే అప్పా," అన్నాను. విసురుగా పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి పెరట్లోంచి ఆమె గొంతు వినిపించింది: "కళ్ళు మూయకే గుంటా! రొయ్యలాగ ముడుసుకో!"

ఆ తర్వాత ఆ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. పిల్ల తనంతట తానే "మామ్మా, ఆకలి" అంది. మెట్లు ఎగిరి దిగింది. కొబ్బరిమొక్కలా నిటారుగా నిలబడి, వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడింది. ఇంతలో జిల్లా పోటీలొచ్చాయి. మా అప్ప షరతు పెట్టింది: "ఎల్లనీ. కానీ అందరి ముందూ కింద పడిందంటే ఆ రోజుతో సరి. మల్లీ ఆ గుమ్మం తొక్కదు." పిల్ల తలూపింది.

తెల్లారి వేట నావ ఎక్కే మగాళ్ళకి కీళ్ళు బిగుసుకోకుండా అరికాళ్ళకీ అరచేతులకీ వెల్లుల్లి కాచిన ఆవనూనె మర్దించడం మా ఒడ్డు ఆచారం. ఎంత కోపంలోనూ మా అప్ప దాన్ని మరిచిపోలేదు. పోటీ రోజు పొద్దున్న పిల్ల చేతులకి రాసి, ఒంటికాలి మీద నిలబెట్టి అరికాళ్ళకి రాసింది. తూలిపోకుండా పిల్ల గోడకి చెయ్యి ఆనించింది. అదే ఆ మరక.

పిల్ల పోటీ బీమ్ మీద. బీమ్ అంటే నడుమెత్తున అడ్డంగా బిగించిన బెత్తెడు వెడల్పు దూలం. పిల్ల దాని మీద నాలుగడుగులు నెమలిలా నడిచి, బండిచక్రంలా తిరగబోయింది. నూనె కాలు జారింది. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. పిల్ల గాల్లోనే గడ్డం దాచుకుని ముడుచుకుంది. చాప మీద పడి, దొర్లి, లేచి నిలబడింది. దెబ్బ లేదు, ఏడుపు లేదు. దూలం వైపు చూడలేదు, కోచ్ వైపూ చూడలేదు. మామ్మ వైపు చూసింది.

పడ్డవాళ్ళు వెంటనే ఎక్కి పూర్తి చెయ్యొచ్చు. మార్కులు తగ్గుతాయి, అంతే. కానీ మా ఇంటి షరతులో ఆ వెసులుబాటు లేదు. మా అప్ప లేచింది. ఇంటికి తీసుకుపోవడానికే అనుకున్నాను. బయటివాళ్ళు దూలం దగ్గరికి రాకూడదన్న నిబంధన ఆమెకి చెప్పగలిగినవాడు ఆ హాల్లో లేడు. "మావుసీ, మావుసీ" అంటూ, ఒడియాలో పిన్నిని పిలిచినట్టు, వెంటపడ్డ కోచ్‌ని పక్కకి నెట్టి, పిల్ల కాళ్ళు కొంగుతో బరబరా తుడిచింది. జారకుండా రాసుకోవడానికి తొట్టిలో పెట్టిన తెల్లపొడి దోసిలితో తీసి, జారే చేపకి బూడిద పట్టించినట్టు కాళ్ళకీ చేతులకీ పట్టించింది. తర్వాత హాలు చివరికి వినబడేలా అంది: "పడింది నా నూనె, నువ్వు కాదే! ఎక్కు!"

ఎక్కింది. బండిచక్రం తిరిగి దూలం మీదే నిలిచింది. చివర్న గాల్లోకి ఎగిరి దిగి రెండు చేతులూ పైకెత్తేసరికి జనం బెంచీలు చరిచారు. పతకం రాలేదు. కానీ ఆటోలో ఇంటికొస్తూ మా అప్ప, ముఖమంతా తెల్లపొడితో, ఆటోవాడికి చెప్పింది: "మా గుంట గెలిసింది." వాడు ఏ ఆటలో అని అడగలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇప్పుడా పిల్ల రాష్ట్ర జట్టులో ఉంది. ఆదివారాల్లో అదే హాల్లో బుడతలకి పడ్డం నేర్పుతుంది. మొన్న నేనుండగానే వచ్చింది. చెప్పులు విడుస్తూ, అలవాటుగా కాబోలు, ఆ మరక మీద చెయ్యి ఆనించింది. మరక దాని అరచేతి కింద పూర్తిగా మాయమైంది. చెయ్యి తియ్యగానే మళ్ళీ కనిపించింది, అంతే చిన్నదిగా. ఆవనూనె మీద కాలం కూడా జారిపోతుందని నాకప్పుడే అనిపించింది.