మాటల్లేని వేషం

మొన్న మా అమ్మాయి బడి వార్షికోత్సవంలో ఏదో పనిమీద తెర వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఒక టీచరు గడప దగ్గర కూర్చుని పిల్లల మొహాలకు కొబ్బరినూనె పట్టించి, పాత పంచె గుడ్డతో రంగు తుడుస్తోంది. నూనె, పౌడరు, చెమట కలిసిన ఆ వాసన తగలగానే నేను వచ్చిన పని మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. ఆ టీచరు తలెత్తి, "ఎవరు కావాలండీ?" అని అడిగింది. ఎవరూ అక్కర్లేదని చెప్పి బయటికి వచ్చాను. నిజానికి నాకు సామ్రాజ్యంగారు గుర్తొచ్చారు. ఆమెది చీరాల. ఇరవయ్యేళ్లకు పైగా నాటకాలు ఆడినా ఆమె ఫోటో పేపర్లో పడినట్టు నేనైతే చూడలేదు. నాటక పరిషత్తు కరపత్రాల్లో పాత్రధారుల పేర్లన్నీ అయ్యాక చివరి వరసలో ఆమె పేరు ఉండేది, అదీ అచ్చుతప్పుతో.

కొత్త శతాబ్దం మొదలయ్యే రోజులవి. నేను గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం. చదువు పేరుకే గానీ నా ప్రాణమంతా స్టేజీ మీద ఉండేది. కాలేజీ వార్షికోత్సవాల్లో రెండేళ్లు వరసగా నాకే బహుమతి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుసు. నా గొంతు పెద్దది. మైకు లేకపోయినా సైకిల్ స్టాండు దాకా వినపడేది. డైలాగు చివర ఒక్క క్షణం ఆగి, తల విదిలిస్తే ఈలలు పడేవి. ఆ ఈలలనే నేను నటన అనుకున్నాను. నేను పుట్టిందే నటుణ్ణి కావడానికని, ఆ సంగతి లోకానికి తెలియడమే ఆలస్యమని నమ్మాను. ఆ వయసులో అంత నమ్మకం ఉండడం తప్పు కాదు. కాకపోతే పక్కన ఉన్నవాళ్లు భరించడం కష్టం.

మిర్చి యార్డు వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెప్పే కోటయ్య మాస్టారు నా నాటకం చూసి, తన సమాజంలోకి రమ్మన్నారు. మా వైపు పరిషత్తు పోటీలంటే మాటలు కాదు. గంటలోపు ఆడే నాటిక, ముందు వరసలో న్యాయనిర్ణేతలు, వెనక మిరపకాయల సీజన్లో దగ్గుతూనే కదలకుండా చూసే జనం. ఆ స్టేజీ ఎక్కడమంటే నాకు మెడిసిన్ సీటు వచ్చినంత. హీరో వేషమే అనుకుని వెళ్లాను. మాస్టారు రాసిన నాటికలో పెళ్లి మానుకుని, పొలం పని చూసుకుని తమ్ముళ్లిద్దరినీ చదివించిన అక్క కథ ఉంది. తమ్ముళ్లు పొలం పంచమని వస్తారు. పక్షవాతంతో మాట పడిపోయిన తండ్రి మంచం మీద పడుకుని అంతా వింటుంటాడు. మాస్టారు నాకు ఇచ్చింది ఆ తండ్రి వేషం.

"డైలాగులు ఎన్ని సార్?" అన్నాను.

"ఒక్కటీ లేదురా. నలభై నిమిషాలు మంచం మీద పడుకోవాల."

"దానికి నేనెందుకు సార్? దిండు పెట్టి దుప్పటి కప్పితే సరిపోయిద్దిగా."

ఆయన నవ్వలేదు. "పోతే పో. ఊళ్లో దిండ్లకి కరువా?" అన్నారు. పోలేకపోయాను. ఇప్పుడు మంచం మీద పడుకుంటే వచ్చే ఏడాది లేచి నిలబడే వేషం వస్తుందని లెక్క వేసుకున్నాను.

మా వైపు నాటక సమాజాలన్నీ దాదాపు మగవాళ్లవే. టీచర్లు, గుమాస్తాలు, పొగాకు కంపెనీల్లో పనిచేసేవాళ్లు. ఆడవేషానికి మాత్రం అదే వృత్తిగా ఉన్న ఆవిణ్ణి పక్క ఊరినుంచి పిలిపించుకుంటారు. ఆమె ఆఖరి రెండు మూడు రిహార్సల్సుకే వస్తుంది. అప్పటిదాకా లుంగీ కట్టుకున్న ఎవరో ఒకరు చేతిలో కాగితం పట్టుకుని "ఏమండీ, భోజనానికి లేవండి" అని చదువుతుంటారు. అలాంటి లేడీ ఆర్టిస్టే సామ్రాజ్యంగారు. మొదటిసారి చూసినప్పుడు ఆమెకు నలభై లోపే ఉంటాయి. పాతికేళ్లకే తల్లి వేషాలు మొదలుపెట్టారట. ఆమెను స్టేజీ మీద "అమ్మా" అని పిలిచినవాళ్లలో సగం మంది ఆమెకంటే పదేళ్లు పెద్ద. ఏ నాటకంలోనూ ఆమెకు ఏడవడం, వడ్డించడం, అడ్డుపడడం తప్ప వేరే పని ఉండేది కాదు. ఈ నాటికలో మొదటిసారి కథంతా ఆమె మీద నడుస్తుంది. పైగా రెండో ప్రదర్శన చీరాలలోనే. సొంత ఊళ్లో ఆమె అదివరకు ఎన్నడూ వేషం కట్టలేదు. అందుకే అందరిలా చివర్లో కాకుండా ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. ఉత్తమ నటి బహుమతి తీసుకుని తన వీధిలో నడవాలని ఆమెకు ఉండేది. ఆ కోరికను దాచుకోలేదు కూడా. "మా మగ్గాల వీధిలో నేను ఊళ్లు తిరిగేదాన్నని తప్ప ఏం చేస్తానో ఎవరికీ తెలవదయ్యా. ఒక్కసారి చూపిద్దామని," అని మాస్టారితో అన్నారు.

ఆమె దగ్గర అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి ఉండేది. ఏ నటుడైనా తన పోర్షన్ రాసుకుంటాడు, తన మాటలు, వాటికి ముందొచ్చే అవతలివాళ్ల ఆఖరి ముక్క. ఆమె పుస్తకంలో అంతా తిరగేసి ఉంది. అందరి మాటలూ పూర్తిగా రాసి, తన మాటలుండాల్సిన చోట ఖాళీ గీతలు వదిలారు. ఎందుకలా అని అడిగాను.

"నా మాట నాకెందుకబ్బాయ్? వాళ్లు అన్నది వింటే నాది అదే వస్తది. ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటా వాళ్ల మాటలే చదువుకుంటా."

"రాకపోతే?"

"వినలేదని అర్థం."

నాకది గొప్పగా తోచింది. నేనూ అలాగే రాసుకున్నాను. నాకు మాటలే లేవు కాబట్టి నా పుస్తకంలోకి నాటకం మొత్తం వచ్చింది. రెండు వారాల్లో అందరి పోర్షన్లూ కంఠతా పట్టాను. ఎవరైనా తడబడితే మంచం మీదనుంచి అందించేవాణ్ణి. మాస్టారికి చిరాకు. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉండేది.

మొదటి ప్రదర్శన పర్చూరు దగ్గర ఒక ఊళ్లో. నెత్తిన తెల్ల పౌడరు, చెంపల కింద నల్ల గీతలు, గడ్డం దాకా దుప్పటి. మొహం జనం వైపు తిప్పి పడుకోబెట్టారు. తమ్ముళ్లు వచ్చారు, గొడవపడ్డారు, వెళ్లిపోయారు. సామ్రాజ్యంగారు నా కాళ్ల దగ్గర కూర్చున్నారు. నాటకానికి ప్రాణమంతా ఆమె తండ్రితో చెప్పుకునే ఆ రెండు పేజీల మాటల్లోనే ఉంది. నాకు ఆ రెండు పేజీలూ అక్షరం పొల్లుపోకుండా వచ్చు. "వాళ్లు వెళ్లిపోయారు నాన్నా" అని ఆమె మొదలుపెట్టారు. నాలుగు వాక్యాలయ్యాయో లేదో, వెనక వరసల్లోంచి ఎవరో గట్టిగా అరిచారు.

"ఒరేయ్, ముసలాడికి మాటొచ్చిందిరోయ్!"

పందిరంతా నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది. ఆమె ప్రతి మాటకూ నా పెదవులు కదులుతున్నాయి. ఆ విషయం నాకు తెలియదు. ఆమె చెయ్యి చాచి దుప్పటి నా ముక్కుదాకా లాగి మిగతా మాటలు పూర్తి చేశారు. ఎవరూ వినలేదు.

తెర పడ్డాక నేను మూల కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటే అతిశయోక్తి కాదు. మాస్టారు నా మొహం కూడా చూడకుండా, "వచ్చే నెల చీరాలకి వేరేవాణ్ణి చూస్తానమ్మా. వీణ్ణి నెత్తికెక్కించుకున్నా, నాదే బుద్ధి తక్కువ," అన్నారు. సామ్రాజ్యంగారు కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటున్నారు.

"వీడే ఉంటాడండి," అన్నారు.

"మళ్లీ పెదాలు కదిపితే? మీ ఊళ్లో మీకే పరువు తక్కువ."

"కదపకుండా నేను చూసుకుంటా. నా మాటలన్నీ నేర్చుకున్నవాడు ఇంకొకడు దొరకడు. నేర్చుకున్నది మర్చిపోవటం నేర్పాలి, అంతే."

అప్పుడు ఆమె నన్ను వెనకేసుకొచ్చారని సంతోషించానే గానీ, దానివల్ల ఆమెకు ఏం పోవచ్చో ఆలోచించలేదు.

తర్వాతి ఆదివారాలు వింతగా గడిచాయి. ఆ సీను వచ్చేసరికి ఆమె నాటకంలో మాటలు చెప్పేవారు కాదు. మంచం పట్టె మీద కూర్చుని, అదే గొంతుతో, అదే నిదానంతో, ఏవేవో చెప్పేవారు. బాపట్లలో బస్సు ఆగిపోయిన సంగతి. నూలు తడిసి రంగు దిగిందని మగ్గం నేసే అన్న తిట్టిన సంగతి. ఒక ఊళ్లో వేషం తీయకముందే బస్సు వచ్చిందని నెత్తిన తెల్ల పౌడరుతోనే ఎక్కితే, ఒకాయన లేచి "కూర్చో మామ్మా" అన్న సంగతి. అప్పుడు ఆమెకు ఇరవయ్యారేళ్లట. తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలిసేది కాదు. తెలియదు కాబట్టి వినక తప్పేది కాదు. ఒకరోజు ఆమె మధ్యలో ఆపి నా వైపు చూశారు.

"ఇప్పుడేం అనుకుంటన్నావు?"

"ఏం లేదండీ. తర్వాతేమయిందా అని."

"అదీ. నువ్వు ఇన్నాళ్లూ నీ వంతు ఎప్పుడొస్తదా అని పడుకున్నావు. వంతు లేని వేషమిచ్చినా సరే, మా వంతులు లాక్కున్నావు."

నాకు కోపం వచ్చింది. నిజం చెబితే వచ్చే కోపం అది. బస్సెక్కి ఇంటికి వెళ్లేదాకా తగ్గలేదు.

చీరాలలో మాది ఆరోజు మొదటి నాటిక. ఆమె వీధివాళ్లు ముందే వచ్చి ఒక పక్కగా కూర్చున్నారు. వాళ్ల అన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. సామ్రాజ్యంగారు ఆయన్ని స్టేజీ పక్క వింగ్‌లోంచి నాకు చూపించి, "ఈయనెప్పుడూ నా నాటకం చూళ్లేదు," అన్నారు. నాటకం బాగా సాగింది. తమ్ముళ్లు వెళ్లిపోయారు. ఆమె వచ్చి మంచం మీద కూర్చున్నారు. "వాళ్లు వెళ్లిపోయారు నాన్నా," అన్నారు. తర్వాత ఆగిపోయారు.

ముందు అది ఆమె ఇచ్చిన విరామం అనుకున్నాను. తర్వాత వింగ్‌లోంచి కోటయ్య మాస్టారు మాట అందించడం వినపడింది. "ఏ గట్టు ఎక్కడుందో కూడా..." ఆమె అందుకోలేదు. ఆయన మళ్లీ అందించారు, ఈసారి గట్టిగా. ఆమె నన్నే చూస్తున్నారు. ఆ రెండు పేజీలు నాకు వచ్చునని ఆమెకు తెలుసు. పెదవి కొంచెం కదిపితే చాలు. కానీ ఆ క్షణంలో నా దగ్గర ఆ మాటలు లేవు. ఆమె ఏం చెబుతారో అని ఎదురు చూస్తున్నాను, అంతే. నా మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నెమ్మదిగా నా చెయ్యి దుప్పటి కిందనుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుని, అలాగే కూర్చున్నారు. పందిట్లో దగ్గు కూడా వినపడలేదు. ఎంతసేపో చెప్పలేను. చివరికి మాస్టారే విసిగిపోయి తెర వేయించారు.

ఉత్తమ నటి బహుమతి వేరే సమాజంలో వేసినావిడకు వచ్చింది. పతాక సన్నివేశంలో సంభాషణ వదిలేయడం లోపమని న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకులోనే చెప్పారు. మాస్టారు నెలరోజులు రాసుకున్న రెండు పేజీలు గాల్లో కలిసిపోయినందుకు కాగితాలు విసురుగా సంచీలో కుక్కుకున్నారు. వాళ్ల అన్న లోపలికి వచ్చి, "పొద్దుపోయింది, పద," అని మాత్రం అన్నాడు. నేను ఆమె వెనకే నాలుగడుగులు వేశాను.

"మర్చిపోయారా అండీ?"

"లేదబ్బాయ్. అంతా గుర్తుంది."

"మరి?"

"నీ మొహం చూశా. ఇంక చెప్పాల్సిందేం కనపళ్లా."

"బహుమతి పోయిందిగా మీకు," అన్నాను.

"పోయింది. బాధగానే ఉంది," అన్నారు. చేతిసంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "ఇరవయ్యేళ్లనుంచి స్టేజీ మీద మాట్లాడతన్నా. అందరూ నేనెప్పుడు ఆపుతానా అని చూసినోళ్లే. విన్నవాడు ఇవాళే దొరికాడు. వాడి ముందు మళ్లీ ఆ రెండు పేజీలు అప్పజెప్పటానికి మనసొప్పలా."

నాలో నటుడున్నాడా అని ఆమెను అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ పూట అడగలేదు. తర్వాత అడగాలనిపించలేదు. ఆ నాటికను మాస్టారు మళ్లీ ఆడించలేదు. డిగ్రీ అయ్యాక నేను లా చదివి గుంటూరులోనే ప్రాక్టీసు పెట్టాను. సామ్రాజ్యంగారు మరి కొన్నేళ్లు తల్లి వేషాలు వేశారని, తర్వాత మానేశారని విన్నాను. పోయిన సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది. వెళ్లి చూడలేదన్న బాధ ఉంది.

మాది మాట్లాడి బతికే వృత్తి. ఎదుటి మనిషి నోరు తెరవగానే నా జవాబు తయారైపోతుంది. చాలాసార్లు దాన్ని ఆపలేను, ఇంట్లో అసలే ఆపలేను. ఆపగలిగిన రోజులు కొన్ని ఉన్నాయి. పోయినేడాది ప్రత్తిపాడు వైపునుంచి ఒకావిడ తమ్ముడి మీద దావా వేయాలని కాగితాలన్నీ తెచ్చుకుని వచ్చింది. గెలిచే కేసు. ఎలా వాదించాలో మొదటి ఐదు నిమిషాల్లోనే నాకు తెలిసిపోయింది. అయినా పెన్ను కింద పెట్టి కూర్చున్నాను. ఆవిడ గంటసేపు చెప్పింది. చెప్పడం అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని, కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని, "ఉండనీండిలెండి, వాడితో నేనే మాట్లాడతా," అని లేచి వెళ్లిపోయింది. గుమస్తా నా వైపు గుర్రుగా చూశాడు. నేను ఆవిణ్ణి వెనక్కి పిలవలేదు.